ఇతరముల్లో ఉన్న ఊరు

భర్త గోవిందు చనిపోయిన ఎనిమిదో నెలలో ఆయన పనిచేసిన ఆఫీసులోనే తిమ్మమ్మకు ఉద్యోగం ఇచ్చారు. ఆయన రికార్డు అసిస్టెంటు. ఆమె చదివింది ఏడో తరగతి కాబట్టి అటెండరు పోస్టు వచ్చింది. ప్రాజెక్టుల కింద పోయిన భూముల కాగితాలు చూసే ఆఫీసు అది. వనపర్తిలో పాత బంగళా ఒకటి అద్దెకు తీసుకుని నడిపేవారు. అది 2003.

కొత్తకోట దగ్గర బస్సు దిగి రోడ్డు దాటుతుంటే గోవిందును లారీ గుద్దింది. దవాఖాన వరండాలో తిమ్మమ్మ ఏడవలేదు. దినాల నాడు కూడా ఏడవలేదు. ఆడబిడ్డ అందరూ వింటుండగానే, "దీని గుండె బండ" అంది. తిమ్మమ్మ ఆ మాట విన్నది. నిజమేనేమో అనుకున్నది. పన్ను పీకించుకునే ముందు సూదిమందు ఇస్తే చెంప ఎట్లా ఉంటుందో, ఆమెకు లోపలంతా అట్లా ఉండేది. గిల్లితే గిల్లినట్టు తెలుస్తుంది, నొప్పి మాత్రం తెలియదు.

పని మాత్రం బాగా చేసేది. రికార్డు గదిలో ఎర్రగుడ్డల్లో కట్టిన ఫైళ్ల మూటలు కప్పుదాకా ఉండేవి. గోవిందు వాటిని ఏ వరసలో పెట్టాడో ఎక్కడా రాసిపెట్టలేదు. ఏడాదిలో తిమ్మమ్మ ఆ వరసను మూట మూటగా విప్పి చూసి పట్టుకున్నది. ఎవరైనా ఊరి పేరు చెప్తే నిచ్చెన వేసుకుని తిన్నగా ఆ మూట దగ్గరికే పోయేది.

2006లో కల్వకుర్తి ఎత్తిపోతల భూముల ఫైళ్లు రావడం మొదలైంది. వాటికి గదిలో జాగా లేదు. పాతవన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, కాగితాలను నాగర్‌కర్నూల్‌లో ఒక గోదాముకు పంపాలని నిర్ణయించారు. ఆ పని శ్రవణ్ కుమార్‌కు అప్పగించారు. అతనిది వనపర్తే. హైదరాబాదులో కంప్యూటర్లు చదివి తిరిగొచ్చి, బస్టాండు ఎదురుగా ఒక గదిలో సాఫ్ట్‌వేరు పని పెట్టుకున్నాడు. అంతకుముందు ఒక ప్రైవేటు కాలేజీకి సర్టిఫికెట్లు దాచే ప్రోగ్రాం రాసిచ్చాడు. ఇంత పెద్ద పని అతనికి ఇదే మొదలు.

వచ్చిన మొదటి రెండు వారాలు అతను కంప్యూటరే తెరవలేదు. మూలన కూర్చుని, వచ్చినవాళ్లు కాగితం కోసం ఎట్లా అడుగుతున్నారో చూసేవాడు. సూపరింటెండెంటు నాగప్పను ఒకరోజు అడిగాడు.

"సార్, మీకు ఒక ఫైలు కావాలంటే ఎట్ల వెతుకుతరు?"

"తిమ్మమ్మను అడుగుత," అన్నాడు నాగప్ప.

శ్రవణ్ తిమ్మమ్మ దగ్గరికి వచ్చాడు. "అక్కా, వచ్చినోళ్లు నిన్ను ముందుగాల ఏం అడుగుతరు?"

"ఊరి పేరు చెప్తరు సార్. తర్వాత వాళ్ల అయ్య పేరు చెప్తరు. ఫైలు నంబరు ఎవ్వరికీ తెల్వదు."

అప్పటిదాకా అతని నోటుపుస్తకంలో ఫైలు నంబరు మొదట ఉంది. దాన్ని కొట్టేసి ఊరు మొదట రాసుకున్నాడు. సాఫ్ట్‌వేరులో ఊరి గడి నింపితే తప్ప కాగితం లోపలికి పోకుండా చేశాడు. ఊర్ల పేర్లు ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తే రేపు దొరకవని, జాబితాలోంచి ఎంచుకునేలా పెట్టాడు. జాబితాను పైఆఫీసు ఇచ్చింది. మండలాల వారీగా అప్పుడున్న ఊర్లన్నీ అందులో ఉన్నాయి.

టైపు చేయడానికి ఇటిక్యాల నుంచి సౌందర్య అనే అమ్మాయి వచ్చింది. డిగ్రీ చదివింది, చేతివేగం ఎక్కువ. తిమ్మమ్మ మూట విప్పి, దుమ్ము దులిపి, తుప్పు పట్టిన పిన్నులు తీసి, మడతలు సాపు చేసి ఇచ్చేది. శ్రవణ్ స్కానర్‌లో పెట్టేవాడు. సౌందర్య తెర మీద కాగితం చూసి గళ్లు నింపేది. కార్బన్ కాపీల పల్చటి కాగితాలు మిషన్లో నలిగిపోతుంటే, వాటిని పారదర్శకపు కవర్లో పెట్టి పంపడం తిమ్మమ్మే మొదలుపెట్టింది. కరెంటు పోతే ముగ్గురూ ఊరకే కూర్చునేవారు.

వానలు మొదలయ్యేనాటికి ముంపు మూటలు విప్పారు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో పోయిన ఊర్లవి.

సౌందర్య ఒక మూట మీది అట్ట చూసి, "జమ్ములపాడు," అని జాబితాలో వెతికింది. కిందికీ పైకీ రెండుసార్లు పోయింది. "లేదు," అని, జాబితా చివరన ఉన్న "ఇతరములు" ఎంచుకున్నది. కాగితం లోపలికి పోయింది. తర్వాతదీ జమ్ములపాడే. అదీ ఇతరములు.

జమ్ములపాడు తిమ్మమ్మ పుట్టిన ఊరు. కృష్ణ ఒడ్డున ఉండేది. ఆమెకు పదకొండేళ్లప్పుడు ఎద్దులబండి మీద సామాను పెట్టుకుని వచ్చేశారు. పెబ్బేరు రోడ్డు మీద పునరావాస కాలనీలో ఇల్లిచ్చారు. సౌందర్య ఇతరములు, ఇతరములు అంటుంటే తిమ్మమ్మ పిన్నులు తీస్తూనే ఉంది. ఏమైనా అనాలని ఆమెకు తోచలేదు. ఊరు లేదు, జాబితాలో కూడా లేదు. అందులో తప్పేముంది అనుకున్నది.

ఆ మూటలన్నీ ఆగస్టులో లారీకెక్కాయి. నాగర్‌కర్నూల్ గోదాములో ఒకదాని మీద ఒకటి వేసి తాళం వేశారు. తెరవాలంటే మూడు ఆఫీసుల ఉత్తరాలు కావాలి.

సెప్టెంబరులో మాసయ్య అనే ముసలాయన వచ్చాడు. ఆయనదీ మునిగిన ఊరే, వల్లూరుగడ్డ. మనవరాలు శ్రుతి నర్సు చదివింది. ముంపు కుటుంబం పిల్లగా ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంటున్నది. తమ ఇల్లు మునిగినట్టు పాత సర్వే కాగితం కావాలి. ఆఖరు తేదీకి ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

సౌందర్య వెతికింది. వల్లూరుగడ్డ లేదు. ఇతరములు తెరిస్తే రెండు వేల మూడు వందల పదహారు కాగితాలు వచ్చాయి. ఒక్కొక్కటే తెరవడం మొదలుపెట్టింది. అరగంటకు ముప్పై దాటలేదు.

"రేపు రా పెద్దయ్యా," అన్నాడు నాగప్ప.

"ఊరి పేరు చెప్తే నిమిషంల దొరుకుతదన్నరు గద సార్," అన్నాడు మాసయ్య. కోపంగా అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగాడు. తర్వాత తిమ్మమ్మ వైపు తిరిగాడు. "బిడ్డా, పోయినేడు మా తమ్మునికి నువ్వే తీసిచ్చినవు. నిచ్చెనెక్కి తెచ్చినవు."

తిమ్మమ్మ రికార్డు గది వైపు చూసింది. ఆ గోడకు ఇప్పుడు కొత్త ఫైళ్లున్నాయి. ఆమె శ్రవణ్ దగ్గరికి పోయి నిలబడింది.

"సార్, తప్పు నాది. ఎక్కించేటప్పుడే నాకు తెల్సు, ఆ ఊర్లు జాబితాల లేవని. నేను చెప్పలే."

"నువ్వెందుకు చెప్పలేదక్కా?"

"ఏమో సార్. చెప్పబుద్ధి కాలే."

శ్రవణ్ తెర మీద జాబితా తెరిచి పైనుంచి కిందిదాకా చూశాడు. "నీది కాదు. ఇచ్చిన జాబితా తీసుకున్న గాని, ఏమేం లేవని నేను అడగలే." లేచి నాగప్ప దగ్గరికి పోయాడు. మునిగిన ఊర్లకు వేరే జాబితా ఒకటి కలుపుతానన్నాడు.

నాగప్ప ఒప్పుకోలేదు. "జాబితా పైనుంచి వచ్చింది. లేని ఊరును నేనెట్ల పెట్టిస్త? రేపు ఎవరన్న అడిగితే ఏం చెప్పాలె?"

తిమ్మమ్మ అప్పుడే టీ గ్లాసులు తీసుకుపోవడానికి లోపలికొచ్చింది. గ్లాసు ఎత్తుతూనే అన్నది. "ఊరు లేదు సార్. కాయితం ఉన్నది గద."

మూడేళ్లలో ఆమె ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదలు. నాగప్ప బయట బల్ల మీద కూర్చున్న మాసయ్యను ఒకసారి చూశాడు. "చేసుకోండ్రి," అన్నాడు. "పైకి నేను రాసుకుంట."

జాబితా కలపడం శ్రవణ్‌కు పూటపని. ఏ కాగితం ఏ ఊరిదో తేల్చడమే కష్టమైంది. ఊరి పేరు ఎక్కువగా మూట మీది అట్ట పైనే ఉండేది, లోపలి కాగితాల మీద ఉండేది కాదు. ఆ అట్టలు గోదాములో ఉన్నాయి. సౌందర్య పక్కన తిమ్మమ్మ స్టూలు వేసుకుని కూర్చున్నది. తెర మీద కాగితం రాగానే, చేని పేరో ఇంటిపేరో సర్వే రాసినాయన చేతిరాతో చూసి ఊరు చెప్పేది.

"బండలచేను... ఇది వల్లూరుగడ్డ. ఇగ ఈ తర్వాతది, రాత ఎడమకు వాలింది చూడు, గీ సారు మూడూర్లే రాసిండు. సంతకం కింద తేదీ ఏసిండా? ఏస్తే ఆ మూడింట్ల కొత్తూరుది."

నాలుగో రోజు మాసయ్య ఇంటి కాగితం దొరికింది. శ్రవణ్ ప్రింటు తీసి నాగప్పతో సంతకం చేయించి ఇచ్చాడు. మాసయ్య దాన్ని చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద పెట్టుకుని నడిచిపోయాడు. శ్రవణ్ సంతోషపడ్డాడు. సౌందర్య చప్పట్లు కొట్టింది. తిమ్మమ్మ, "తర్వాతది తియ్యి బిడ్డా," అన్నది. ఇంకా పదిహేను వందలున్నాయి.

ఆరో రోజు మధ్యాహ్నం తెర మీదికి ఒక ఇంటి సర్వే వచ్చింది. 1979లో రాసింది. మూడంకణాల మట్టి మిద్దె. గొడ్ల కొట్టం ఒకటి. వేప ఒకటి, సీతాఫలం రెండు. కింద ఇంట్లోవాళ్ల పేర్లు. కుర్మయ్య, ముప్పై ఐదు. భార్య బాలనాగమ్మ, ఇరవై ఎనిమిది. కూతురు తిమ్మమ్మ, తొమ్మిది. కూతురు జోగులమ్మ, నాలుగు.

"జమ్ములపాడు," అన్నది తిమ్మమ్మ.

సౌందర్య టైపు చేయబోయి ఆగింది. "అక్కా, ఇక్కడ తిమ్మమ్మ అని ఉన్నది. నువ్వేనా?"

"నేనే."

"మరి జోగులమ్మ?"

"మా చెల్లె."

"ఇప్పుడు ఏ ఊర్ల ఉంటది?"

"లేదు. కాలనీకి వచ్చిన మొదటి ఎండకాలం పోయింది. మూడొద్దులు జరమొచ్చింది." తిమ్మమ్మ తెర మీదనుంచి చూపు తిప్పలేదు. "తర్వాతది తియ్యి."

సౌందర్య తీసింది. సాయంత్రందాకా ఇంకో తొంభై కాగితాలు చూశారు. తిమ్మమ్మ గొంతు ఎప్పటిలాగే ఉంది.

జోగులమ్మ బడికి పోలేదు. కాలనీలో రేషన్‌కార్డులు రాసేసరికి ఆమె లేదు. ఫొటో ఎవరూ తీయలేదు. ఆ పేరు రాసి ఉన్న కాగితం లోకంలో అదొక్కటే. ఇంటికి నడిచిపోతుంటే తిమ్మమ్మకు ఈ సంగతి తట్టింది. తట్టిందంతే. ఏడుపొస్తుందేమోనని కాసేపు చూసింది, రాలేదు. దారిలో మిరపకాయలు కొనుక్కుని పోయింది.

పని పూర్తయిన రోజు శ్రవణ్‌ను ఆ కాగితం ప్రింటు ఒకటి అడిగింది. అతను ఎందుకని అడగకుండా తీసిచ్చాడు. ఆదివారం కాలనీకి పోయింది. తండ్రి ఇప్పుడు లేడు. తల్లి బాలనాగమ్మ వాకిట్లో చేటతో జొన్నలు చెరుగుతున్నది. తిమ్మమ్మ కాగితం చదివి వినిపించింది. మిద్దె దగ్గర తల్లి తలూపింది. సీతాఫలం రెండు అంటే, "మూడు. ఒకటి పొట్టిది, సారు లెక్కవెట్టలే," అన్నది. పేర్లు చదివింది. నాలుగో పేరు దగ్గర చేట ఆగింది.

"యాడున్నది? చూపియ్యి."

తిమ్మమ్మ వేలు పెట్టి చూపింది. తల్లికి చదువు రాదు. ఆ అక్షరాల మీద తానూ వేలు పెట్టింది. చాలాసేపు తీయలేదు.

"నాలుగు కాదు," అన్నది చివరికి. "మూడున్నర. నేను చెప్పిన. ఆయన నాలుగు రాసుకున్నడు."

తర్వాత చేట తీసుకుని చెరగడం మొదలుపెట్టింది. అన్నం తిని తిమ్మమ్మ బస్సెక్కింది.

సోమవారం శ్రవణ్ స్కానర్ సర్దుకుంటున్నాడు. గద్వాలలో ఇంకో ఆఫీసు ఇదే పని అప్పగించింది.

"సార్, ఎక్కించిన కాయితంల తప్పుంటే దిద్దొచ్చునా?"

"కాయితం మీద చెయ్యి పెట్టరాదక్కా. అది ఫొటో లెక్క. ఎట్లున్నది అట్లనే ఉండాలె." ఏ కాగితమో అతనికి అర్థమైంది. "పక్కన గమనిక అని గడి ఉన్నది. అండ్ల రాయొచ్చు. కాని ఎవరు రాసిన్రో పేరు పడుతది. నీకు కంప్యూటర్ల లోపలికి పోయే పేరు లేదు గద."

అతను కూర్చుని ఆమె పేరు మీద ఒకటి తెరిచాడు. అప్పటిదాకా నాగప్పకు, సౌందర్యకు, ఇద్దరు గుమాస్తాలకు మాత్రమే అది ఉంది. సౌందర్య అక్షరం అక్షరం చూపిస్తుంటే తిమ్మమ్మ ఒక్క వేలితో నొక్కింది. పావుగంట పట్టింది. "జోగులమ్మ వయసు మూడున్నర. తల్లి చెప్పింది. సీతాఫలం మూడు." కింద తేదీ, టైము, తిమ్మమ్మ అనే పేరు వాటంతట అవే వచ్చి పడ్డాయి.

గద్వాల ఆఫీసులో శ్రవణ్ మొదటిరోజే మునిగిన ఊర్ల జాబితా కూడా ఇమ్మని అడిగాడట. శ్రుతికి ఉద్యోగం వచ్చిందో లేదో వనపర్తిలో ఎవరికీ తెలియలేదు. మాసయ్య మళ్లీ రాలేదు. సౌందర్య మాత్రం ఆఫీసులో ఉండిపోయింది.

మరుసటేడు ఎండాకాలంలో సౌందర్య సెలవు పెట్టిన రోజు, నాగప్ప తిమ్మమ్మనే కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు. వచ్చినవాళ్లను ఆమె మొదట ఊరి పేరే అడిగేది. ముంపు ఊరు చెప్పి, "ఉన్నదా బిడ్డా?" అని ఎవరైనా సందేహంగా అడిగితే, తలెత్తకుండానే, "ఉన్నది, కూసో," అనేది.