పంటు దిగినా తెగని కథ

డెబ్బైల చివర్లో నాకు కథలు రాసే పిచ్చి ఉండేది. ఇంట్లో ఒక్క ముక్కా తట్టేది కాదు. నరసాపురం నుంచి సఖినేటిపల్లి వచ్చే పంటు ఎక్కి గోదావరి దాటుతుంటే మాత్రం, పక్కవాళ్ళ మాటల్లో బోలెడు దొరికేవి.

ఓరోజు పంటు మీద భార్యాభర్తలు గొడవపడుతున్నారు. "ఆవేళ పుట్టింటికి ఎందుకెళ్ళిపోయేనో చెప్పమంటారా?" అందావిడ. సరిగ్గా అప్పుడే రేవొచ్చేసింది! ఉండబట్టలేక, చెవులు రిక్కించి కొబ్బరితోటల్లో వాళ్ళ వెనకే నడిచాను. తీరా చూస్తే వాళ్ళ వాకిట్లో ఉన్నాను. ఎవరు నువ్వంటే ఏం చెప్పను?

"రండి వదినగారూ, కూర్చోండి" అన్నాడాయన. ఆవిడ కాళ్ళకు నీళ్ళిచ్చింది. బొండాం కొట్టారు, భోజనం పెట్టారు. చుట్టం ముందు బాగోదని గొడవ మాత్రం మానేశారు!

ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే ఆవిడ, "మా ఆయన తరపువాళ్ళు గుమ్మం తొక్కడం ఇదే మొదలండి వదినగారూ" అంది. నన్ను బస్సెక్కిస్తూ ఆయన, "మా ఆవిడ వైపు నుంచి ఇన్నాళ్ళకి మీరొక్కరే వచ్చేరండి" అన్నాడు. ఇద్దరికీ "ఆయ్" అన్నాను.

ఆవిడ పుట్టింటికి ఎందుకెళ్ళిందో ఇవాళ్టికీ తెలీదు, ఆ కథా పూర్తవలేదు. మళ్ళీ వెళ్ళి అడుగుదామంటే, ఈసారి ఎవరి తరపున వెళ్ళను?