బోసిమెడతో స్కానింగు

నాకు కుదురు తక్కువ. మూసిన రైల్వే గేటు ముందు కూడా హారన్ కొట్టే రకం. అలాంటిదాన్ని ముప్పావు గంట కదలకుండా పడుకోమన్నారు. వారం కిందట ఎడమ కన్ను మసకబారింది, ఇప్పుడు కుడికాలు తిమ్మిరెక్కుతోంది. నన్ను కాపాడాల్సిన రోగనిరోధక శక్తే నా నరాల మీద పడ్డట్టుందని కర్నూలు డాక్టరు అనుమానం. కంచే చేను మేసిందన్నమాట. మెదడు, మెడ ఫొటోలు చూస్తేగానీ ఏ జబ్బో తేలదట, ఆలస్యమైతే చూపు తిరిగి రాకపోవచ్చట.

నగలన్నీ తీయమంటే కమ్మలు, మెట్టెలు చకచకా తీసేశాను. తాళి దగ్గర మా అత్త నా చెయ్యి పట్టుకుంది. మైదుకూరు నుంచి పసుపుకొమ్ము కొంగున ముడేసుకుని మరీ వచ్చింది.

"నా కొడుకు బతికుండంగా బోసిమెడతో పోతావా?"

పసుపుతాడు కట్టాకే తాళి తీయనిచ్చింది.

లోపల యంత్రం బోరుబండిలా మోత. ముక్కు దురద. మెడ వెనక ఏదో గుంజుతోంది. జబ్బు వెన్నులోకి దిగిందేమోనని హడలిపోయాను. అయినా, భయమేస్తే పిలవమని చేతిలో పెట్టిన రబ్బరు బుడ్డి నొక్కలేదు, నొక్కితే మళ్లీ మొదట్నుంచీ అంటారని. ఇంతలో మోత ఆగింది. స్కానింగు తీసే ఆమె లోపలికొచ్చింది.

"మెడకాడ బొమ్మంతా నల్లగా వస్తాండాది. ఏముండాదమ్మా ఆడ?"

బయటికి తీసుకొచ్చి చూస్తే జడ కింద, తాడు ముడికి పిన్నీసు! ముడి జారకుండా అత్త పెట్టింది.

"నగలే కదమ్మా తీయమంటిరి. పిన్నీసు నగా?" అంది అత్త.

నాకు ఒళ్లు మండింది. "నా కన్ను పోతాంటే నీకు తాడు ముఖ్యమా అత్తా?" అని అందరి ముందూ అరిచాను.

 అత్త పిన్నీసు తీసి, మళ్లీ ముడి వేయబోయి ఆగి, తాడే లాగేసింది. వట్టి తాడుంటే ఫరవాలేదని స్కానింగామె చెప్పినా వినలేదు.

"వద్దులేమ్మా. ఇంగేమన్నా అడ్డమొస్తే? కన్ను రానీ. పో."

ఆ రెండోసారి ఫొటోలోనే వెన్నుపాములో తెల్లమచ్చ దొరికింది. ఆ సాయంత్రమే మందు ఎక్కించారు, చూపు చాలావరకు వచ్చింది. అదంతా తర్వాతి సంగతి. నేను బయటికొచ్చేసరికి అత్త బెంచీ మీద మా ఆయన మణికట్టు రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

"నువ్వు పోయినకాడ్నుంచి ఇంతే. ఒంటేలుకు గూడా పోనియ్యల్యా," అన్నాడాయన.

నేను తాళి వేసుకున్నాకే ఆ చెయ్యి వదిలింది.