సగం తుడిచిన రంగు

శాలువా అంటే నాకు అసహ్యం. బీరువా అడుగు అరలో ఒక దొంతర పడి ఉంది. ఆ జరీ అంచు కంటబడితే చాలు, బీరువా తలుపు మూసేస్తాను.

ఆ మధ్య చల్లపల్లి నాటకోత్సవాల్లో మా నాటకం వేశాం. ఇటలీ నటి ఒకావిడ జీవితం అది. చిన్న వయసులోనే స్టేజీ ఎక్కి, సినిమాల్లో వెలిగి, ముఖం ముడతలు పడ్డాక సినిమావాళ్లు పిలవడం మానేస్తే మళ్లీ నాటకానికే వచ్చిన మనిషి. ఆ వేషం నాది. చివరి రంగంలో మాటల్లేవు. అద్దం ముందు కూర్చుని ముఖానికున్న రంగు తుడుచుకుంటుంది, అంతే. రంగు పోయాక ఎవరు మిగిలారో జనం చూడాలి. ఆ రంగం కోసమే ఒప్పుకున్నాను.

దాన్ని మా అమ్మ చూడాలని నా ఆశ. గుణదల మరియమాత కొండకు ఏటా నడిచి వెళ్లే అమ్మ, నాటకాలాడే కూతురని సిగ్గుపడి నా ఆట ఒక్కటీ చూడలేదు.

"పోపుగారి దేశం ఆవిడంటున్నావు కదా, వస్తాలే. ఈ ఒక్కసారే" అంది.

ముందు వరుసలో కూర్చోబెట్టాను. మొదటి రంగంలో నేను మరియమాత ముందు మోకరిల్లితే తనూ సిలువ గుర్తు వేసుకుంది. స్టేజీ మీంచి అది చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

చివరి రంగం వచ్చింది. ఎడమ చెంప తుడిచాను. హాలంతా నిశ్శబ్దం. మన నిర్వాహకులకు స్టేజీ మీద నిశ్శబ్దమంటే ఒకటే అర్థం, నాటకం అయిపోయిందని. మైకు గర్రుమంది.

"అద్భుతమండీ! ఇప్పుడు మన ముఖ్య అతిథిగారి చేతుల మీదుగా..."

"ఇంకా అవలేదండీ" అన్నాను పంటిబిగువున.

"అయిపోద్దిలెండి, ఎంతసేపు! కొంచెం ఇటు తిరగండి, ఫొటో."

సెంటు కంపు కొడుతూ శాలువా నా మీద పడింది. దాని మీద ఇంకొకటి. అతిథిగారు కాలేజీలో తను వేసిన వేషాల గురించి మొదలెట్టాడు. ఒక చెంప ఎర్రగా, ఒక చెంప వెలవెలబోతూ, మెడలో దండతో నవ్వుతూ నిలబడ్డాను. నవ్వకపోతే పొగరంటారు. ఆయన ఉపన్యాసం ముగిసేసరికి తర్వాతి నాటకం వాళ్లు సెట్టు మోసుకొచ్చేశారు.

తిరుగు దారిలో కారు ఉయ్యూరు దాటాక అమ్మ అడిగింది.

"అవున్గానీ, అద్దం ముందు కూర్చుంది కదా. చివరికి ఆవిడ ఏమైందే?"

"శాలువా కప్పేశారమ్మా" అన్నాను. మళ్లీ వస్తావా అని అడగడానికి నోరు రాలేదు.