మా ఇంటి కింద కాలువ

మొన్న వానకు ఇంట్లోకి నీళ్లొచ్చాయి. ఆ బురద వాసన నా చిన్నప్పటిదే. తిరుపతిలో మా వీధి ఉన్నచోట అప్పుడు చెరువుకు పోయే కాలువ ఉండేది. ఏటా వానలకు ముందు ఇంటికొకరం పూడిక తీసి చేలకు మోసేవాళ్లం, మా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది.

ఒక ఏడు నాయన, "సేను దూరం పాపా, గట్టు మీదే పోసెయ్. గొడ్లకు కొట్టం ఏసుకుందాం" అన్నాడు. గంపలతో పోసింది నేనే. మరుసటేడు అందరూ అట్లే పోశారు. కొట్టాలు ఇళ్లయ్యాయి, కాలువ పూడిపోయింది.

ఇప్పుడు కాలువ మీద కట్టిన ఇళ్లు తీసేయమని కార్పొరేషన్ నోటీసు వచ్చింది. అక్కడ ఎప్పుడూ కాలువే లేదని వీధివాళ్లు అర్జీ రాసి నా వేలిముద్ర అడిగారు.

"నువ్వు సెప్తే నమ్ముతారు అవ్వా, ఏసెయ్."

"పూడ్సిందే నేను. లేదని ఎట్ల ఏసేది రా?"

ముందు మా ఇల్లే తీయమని మనవరాలి చేత రాయించి, దానికి వేలిముద్ర వేశాను. కోడలు నాతో మాట్లాడటం లేదు.