పొయ్యిలన్నీ ఆర్పిన దీపావళి

బంకులో బండికి పెట్రోలు పోయించుకునేటప్పుడు గుప్పున కొట్టే ఆ వాసన చాలామందికి తలనొప్పి తెస్తుంది గానీ, నాకు మాత్రం మా నాయన ఇంటికొచ్చినట్టే ఉంటుంది. ఆయన ట్యాంకర్ లారీ డ్రైవరు. తండయార్‌పేట డిపోలో పెట్రోలు నింపుకుని బంకులకు చేర్చేవాడు. ఆయన గడపలో కాలు పెట్టగానే అమ్మ పొయ్యి ఆర్పేసేది, ఆయన స్నానం చేసి చొక్కా మార్చేదాకా మళ్లీ వెలిగించేది కాదు.

వాషర్‌మెన్‌పేట్‌లో మా వీధికి దీపావళి అంటే వాన తడి ఆరని గోడలు, తలంటుకున్న జుట్టులో సీకాయ వాసన, నూనెలో పొంగే అదిరసాల బెల్లం వాసన, కాస్త ఎండ పొడిస్తే చాలు మిద్దెల మీద చాపలు పరిచి మేం ఆరబెట్టుకునే టపాసులు. నా చిన్నప్పుడు ఒక దీపావళి సాయంత్రం, నిండు లోడుతో పోతున్న నాయన లారీకి ఇనుప కడ్డీల బండి ఒకటి అడ్డంగా వచ్చి గుద్దుకుంది. సరిగ్గా మా వీధి మొదట్లో ట్యాంకు అడుగున పగులిచ్చి, పెట్రోలు ధారకట్టింది.

నాయన వీధిలోకి పరిగెత్తుకొచ్చి అరిచాడు. "పొయ్యిలు ఆర్పండమ్మా! ఒక్క టపాసు పేలగూడదు, స్విచ్చిలు ముట్టొద్దండి! బట్టల సబ్బులుంటే తెండి, సీక్రం!"

ఎందుకని ఒక్కరూ అడగలేదు. సగం వేగిన అదిరసాలు నూనెలోనే ఉండిపోయాయి. ఆడవాళ్లు తెచ్చిన సబ్బులను నాయన కాసిని నీళ్లతో ముద్దగా పిసికి, లారీ కిందికి దూరి వెల్లకిలా పడుకుని ఆ పగులులో కూరడం మొదలుపెట్టాడు. పెట్రోలుకు సబ్బు కరగదట. మగవాళ్లు బకెట్లతో ఇసుక తెచ్చి పోస్తున్నారు. అంతలో పక్క వీధి నుంచి ఒక రాకెట్టు మా నెత్తిమీదుగా పోయింది.

"ఆడ చెప్పండ్రా ఎవురన్నా! వాళ్లకేం తెల్సు!" అని ఎదురింటి మేరీ అత్త గొంతు చించుకుంది.

కుర్రాళ్లు పరిగెత్తారు. పక్క వీధి ఆగింది, దాని వెనక వీధి ఆగింది, ఆ పైన ఇంకొకటి. దీపావళి పూట అంత పేట నోరు మూసుకోవడం నేను మళ్లీ ఎన్నడూ చూడలేదు. పెట్రోలు చుక్కలు ఇసుకలో పడే చప్పుడు నాకు వినిపించింది. నాయనకేమవుతుందోనని లారీ కిందికే చూస్తున్నాను, అయినా ఆయన ఒక్క మాటకు ఇన్ని వీధులు ఆగాయే అని ఒళ్లు పులకరించింది.

చుక్కలు నెమ్మదించాయి, ఆగాయి. ఖాళీ ట్యాంకరొకటి వచ్చి, గొట్టంతో పెట్రోలంతా దాంట్లోకి తోడుకుంది. నాయన ఇంటికొచ్చి స్నానం చేశాడు. మా పొయ్యి వెలిగాకే వీధిలో తక్కిన పొయ్యిలు వెలిగాయి.

ఇప్పుడు నాయన లేడు, ఆ దారిన ట్యాంకర్లూ రావు. నేనుండే అపార్ట్‌మెంటులో మా అంతస్తు వాళ్ల పేర్లే నాకు తెలియవు. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి మురికి చొక్కాతో పరిగెత్తుకొచ్చి పొయ్యి ఆర్పమంటే, తలుపు గొలుసు తీయకుండా ఎందుకని అడిగేదాన్ని బహుశా నేనే.