చెంగమ్మ కొత్త చాప మీద నేను పరిచిన పేపరు

చెంగమ్మ మమ్మల్ని ఇక ఇంటికి రావద్దన్నదనే వార్త నాకు మొదట తెచ్చినవాడు మా కాలేజీ వ్యాను డ్రైవరు మునుసామి. విద్యార్థినులు నాతో చెప్పడానికి జంకి అతన్ని పంపారు. గుడియాత్తంలోని మా శిక్షణ కేంద్రం వరండాలో కూర్చుని నేను రికార్డులు దిద్దుతున్నాను. అతను మెట్ల దగ్గర చెప్పులు విడిచి వచ్చి నిలబడ్డాడు. “అమ్మా, కాలనీలో ఆ ముసలామె మన బ్యాగు గడప దాటకూడదంటా ఉండాది. పక్కింటోళ్ళూ అట్నే అంటా ఉండారు” అన్నాడు. ఎందుకట అని అడిగాను. “అది పిల్లల్నే అడగండమ్మా” అని తాళాల గుత్తి తీసుకుని వ్యాను వైపు పోయాడు.

అది నేను రిటైరు కావడానికి నాలుగేళ్ళ ముందు, జూలై నెల. వేలూరులోని ఒక ప్రైవేటు నర్సింగ్ కాలేజీలో అసోసియేట్ ప్రొఫెసరుగా ఉండేదాన్ని. ఆ నెల నాలుగో సంవత్సరం పిల్లలను వెంటబెట్టుకుని పరదరామి రోడ్డులోని ఒక పల్లెకు వెళ్ళే బాధ్యత నాకు పడింది. దీన్ని మేము కమ్యూనిటీ పోస్టింగు అంటాము. నర్సింగ్ డిగ్రీ నాలుగేళ్ళ చదువు. మొదటి ఏడాది పిల్లలు బొమ్మను మంచం మీద పడుకోబెట్టి పక్క మార్చడం, ఒళ్ళు తుడవడం నేర్చుకుంటారు. తర్వాత ఆస్పత్రి వార్డులు, ప్రసూతి గది, పిల్లల వార్డు, మానసిక రోగుల వార్డు. చివరికి జనం ఇళ్ళకు పోవాలి. ఒక్కొక్క విద్యార్థినికి ఒక కుటుంబాన్ని అప్పగిస్తాము. ఆ ఇంట్లో ఎవరెవరున్నారు, ఏం తింటారు, నీళ్ళు ఎక్కడివి, జబ్బులేమిటి అన్నీ రాసి, తాను చేయగలిగిన సేవ చేసి, రికార్డు ఇవ్వాలి.

ఇంటికి వెళ్ళినప్పుడు బ్యాగు వాడే పద్ధతికి వేరుగా పది మార్కులు. నర్సు సంచిలో సబ్బు, తువ్వాలు, ఏప్రన్, థర్మామీటరు, కట్టు సామాను ఉంటాయి. ఇంట్లోకి వెళ్ళగానే పాత న్యూస్ పేపరు పరిచి దాని మీదే సంచి పెట్టాలి. చేతులు కడిగాకే సామాను తీయాలి. పని అయ్యాక పేపరును లోపలి వైపుకు మడిచి తీసేయాలి. ఒక ఇంటి క్రిములు ఇంకో ఇంటికి పోకూడదు, అంతే దాని భావం. పద్ధతిలో తప్పు లేదు. ఇప్పటికీ నేను అదే చెబుతాను.

ఎస్తేరు అనే విద్యార్థినికి అప్పగించిన ఇల్లు ఊరి బయట దళితుల కాలనీలోని చెంగమ్మది. డెబ్భై దగ్గర వయసు. ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం తోళ్ళు శుద్ధి చేసే షాపులో పనిచేసింది. ఇంట్లో తెలుగే. కూతురు తెల్లవారకముందే చెప్పుల కంపెనీ బస్సెక్కి, పొద్దు గూకినాక దిగుతుంది. షుగరు వల్ల చెంగమ్మ ఎడమ కాలి బొటనవేలి కింద పుండు పడింది. ఆస్పత్రికి తీసుకుపోయే మనిషి లేరు. మా చిన్న టీచరు ఒకామె తోడుగా వెళ్ళి ఎస్తేరు పది రోజులుగా కట్టు మారుస్తోంది. పుండు అడుగున ఎర్రటి కొత్త కండ కనిపిస్తోందని రికార్డులో రాసింది. ఆ కట్టు ఆగకుండా సాగితే కాలు నిలుస్తుంది. ఆగితే ఏమవుతుందో నర్సులకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ సోమవారం నేను మార్కుల కాగితం పట్టుకుని ఎస్తేరు వెంట వెళ్ళాను. పెద్ద టీచరమ్మ వస్తుందని చెంగమ్మ తెల్లవారుజామునే నేల కడిగి, పెట్టెలోంచి కొత్త చాప తీసి పరిచింది. ఎస్తేరు సంచిని ఆ చాప అంచున పెట్టింది. పేపరు ఏదని అడిగాను. “చాప కొత్తది మేడమ్” అని నెమ్మదిగా చెప్పింది. వాకిట్లో పక్కింటి ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. నేను వంగి సంచి ఎత్తి, ఆ చాప మీద పేపరు పరిచి, దాని మీద పెట్టి, ఇలా చేయాలి అని అందరికీ వినబడేలా చెప్పాను. కట్టు అయ్యాక ఆ పేపరును వేళ్ళ కొనలతో ఎలా మడవాలో కూడా చూపించాను. చెంగమ్మ స్టీలు గ్లాసులో కాఫీ తెచ్చింది. పోస్టింగులో ఇళ్ళలో ఏమీ తాగకూడదని మాకు నియమం. అదే చెప్పాను. ఆమె గ్లాసు వెనక్కి తీసుకుపోయింది. ఎస్తేరుకు పదికి ఆరు మార్కులు వేశాను.

మునుసామి వార్త తెచ్చింది బుధవారం. నేను ఎస్తేరును పిలిచి ఏం జరిగిందని అడిగాను. ఆమె తల వంచుకోలేదు.

“మేడమ్, ఆ పొద్దు ముందుగా ఊర్లో మిద్దింటికి పోయినాం గదా. ఆడ బ్యాగు యాడ పెట్టినాం?”

గుర్తు తెచ్చుకున్నాను. బల్ల మీద పెట్టాము. పేపరు పరచలేదు. ఆ ఇంటావిడ మజ్జిగ ఇచ్చింది. నేను తాగాను, పిల్లలను కూడా తాగమన్నాను. ఆ ఇంటి విద్యార్థినికి తొమ్మిదిన్నర వేశాను. పేపరు గడిలో టిక్కు నా చేత్తోనే పెట్టాను.

“చెంగవ్వ ఇప్పుడు మిద్దింటి పశువుల కొట్టం ఊడుస్తాది మేడమ్. ఆ పొద్దు ఆడనే ఉండాది, అంతా చూసి మనకన్నా ముందే ఇంటికొచ్చినాది. నేనూ కాలనీ పిల్లనే. మా అవ్వ అయినా అట్నే తలుపేసుంటాది” అంది.

తర్వాత ఒక్కటే అడిగింది. బ్యాగు లేకుండా, కట్టు సామాను మాత్రం తీసుకుని తానొక్కతే పోయి రావచ్చా అని. టీచరు తోడు లేకుండా, సంచి లేకుండా విద్యార్థిని ఎవరింటికీ పోకూడదు. అదీ నియమమే. కుదరదన్నాను.

ఇక్కడ నా సంగతి కొంత చెప్పాలి. మాది మేల్పాడి. ఎనిమిదో తరగతి దాకా నేను బడికి పోలేదు. మా అవ్వే ఇంట్లో తెలుగు అక్షరాలు దిద్దించింది, లెక్కలు చెప్పింది, పొద్దున్నే దీపం పెట్టి దండం పెట్టుకోవడం నేర్పింది. ఆమె పెట్టిన భిక్షే ఈ చదువంతా. ఈ రోజుకీ దీపం ముందు మొదట ఆమెనే తలచుకుంటాను. అదే అవ్వ కాలనీ వాళ్ళ కోసం వసారా చూరులో ఒక గ్లాసు వేరుగా పెట్టేది. వాళ్ళు తాగి, కడిగి, మళ్ళీ చూరులో పెట్టి పోయేవారు. అది తప్పని ఎవరూ అనలేదు, ఒప్పని కూడా అనలేదు. అది పాఠమని నాకు తెలియదు. కాలేజీ నేర్పిన దాన్ని ఏ ఇంట్లో మరవాలో, ఏ ఇంట్లో గుర్తు పెట్టుకోవాలో నాకు చెప్పింది ఆ చూరులోని గ్లాసే.

తెలిశాకైనా ఆ సాయంత్రమే నేను వెళ్ళి ఉండాల్సింది. వెళ్ళలేదు. ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త చూసుకుంటుందిలే అనుకున్నాను. నిజానికి పిల్లల ముందు, ఆ వాకిట్లో ఆడవాళ్ళ ముందు తప్పయిందని చెప్పే ముఖం నాకు లేదు. వేలూరు సత్తువాచారిలోని మా ఇంట్లో రోజూ దీపం పెట్టి ఆమె కాలు బాగుపడాలని మొక్కాను. గుడియాత్తం వెళ్ళి కూడా ఆ కాలనీ వైపు పోకుండా, ఇంట్లో కూర్చుని దేవుడికి పని చెప్పడం ఎలాంటి భక్తో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మళ్ళీ మంగళవారం ఎస్తేరును రమ్మని అడిగి, గుడ్డ సంచిలో కట్టు సామాను వేసుకుని వెళ్ళాను. చెంగమ్మ గోడకు ఆనుకుని వట్టి నేల మీద కూర్చుని ఉంది. చాప లేదు.

“పేపరు తెచ్చినావా టీచరమ్మా?” అంది.

లేదన్నాను. నేల మీదే కూర్చున్నాను. తప్పు నాదేనని చెప్పాను.

“నీది గాక నాదా? సరి, కాలు చూడు ముందు” అంది.

కాలికి ఏదో ఆకు పసరు రాసి పాత చీర పేలిక చుట్టి ఉంది. విప్పగానే వాసన వచ్చింది. బొటనవేలు నల్లబడింది, పక్క వేలూ అదే దారిలో ఉంది. ఎస్తేరు నా వైపు చూడలేదు. శుభ్రం చేసి కట్టు కడుతున్నంతసేపూ ఆ పిల్ల చెంగమ్మతో ఏవో ఊరి కబుర్లు చెబుతూనే ఉంది. ఆమెను ఆస్పత్రికి తీసుకుపోవడానికి మునుసామి వ్యానును వాకిటి దాకా తెచ్చాడు. లేచే ముందు, బుద్ధి ఆలస్యంగా వచ్చినదాన్ని గనుక, కాసిని కాఫీ ఇవ్వమని అడిగాను.

“ఇప్పుడు పాలు యాడుండాయి? ఆ పొద్దు పోసినాను గదా” అంది చెంగమ్మ.

ఆస్పత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. పాదం నిలిచింది. వారం ముందు తెచ్చి ఉంటే వేళ్ళు కూడా మిగిలేవేమో అన్నాడు సర్జన్. ఆ మాట ఎవరితో అంటున్నాడో ఆయనకు తెలియదు. నేనూ చెప్పలేదు.

ఎస్తేరు మార్కులు నేను దిద్దలేదు. దిద్దాలంటే ప్రిన్సిపాలుకు కారణం రాసివ్వాలి. మిద్దింటి గడిలో నేను పెట్టిన దొంగ టిక్కు గురించి రాయాలి. రాయలేదు. ఆ ఆరు అలాగే విశ్వవిద్యాలయానికి పోయాయి. చదువు ముగించి వెళ్ళే రోజు ఆ పిల్ల అందరితో పాటు నాకూ కృతజ్ఞతలు చెప్పింది. అంతకంటే పెద్ద శిక్ష నాకు ఎవరూ వేయలేదు. మునుసామికి మాత్రం నేను మనసారా దండం పెట్టుకున్నాను. నాకు చెప్పలేని సంగతైనా సగం వరకు తెచ్చి నిలబడ్డాడు.

ఆ తర్వాత మిగిలిన నాలుగేళ్ళూ పోస్టింగుకు ముందు రోజు పిల్లలకు రెండు విషయాలు చెప్పేదాన్ని. పేపరు పరిస్తే ప్రతి ఇంట్లో పరచండి, మిద్దింట్లో మొదట పరచండి. పరిచే ముందు ఎందుకు పరుస్తున్నారో ఆ ఇంటివాళ్ళకు చెప్పి, సరేననిపించుకోండి. సిలబసులో ఈ రెండో మాటకు మార్కులు లేవు. అడిగితే ఎవరూ కాదనలేదు, చేర్చనూ లేదు.

ఇది చదివేవాళ్ళలో నర్సింగ్ చదువుతున్న పిల్లలు ఉంటే ఒక్కటి అడుగుతాను. నన్ను గుర్తు పెట్టుకోనక్కరలేదు. ఎవరి ఇంట్లోనైనా సంచి దించే ముందు, మనం వస్తామని తెల్లవారుజామున పుండు కాలితో నేల కడిగి కొత్త చాప పరిచిన చెంగమ్మను ఒక్కసారి తలచుకోండి.