పసుపు పూసిన జనరేటర్

మొన్న మా ఇంటామెకు మోకాలి ఆపరేషనని హన్మకొండలో ఒక దవాఖానలో ఉన్నాం. మిట్టమధ్యాహ్నం కరెంటు పోయి, ఫ్యాను రెక్కలు నెమ్మదించే లోపే మళ్లీ వచ్చింది. ఎవరూ తల ఎత్తలేదు. నేనొక్కణ్ణే, పాత అలవాటు కదా, కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

నా ఉద్యోగకాలంలో వరంగల్‌లో మా దవాఖానకు ఉన్నది ఒకే జనరేటర్, దాని ఆలనాపాలనా నాది. ఒక దసరానాడు బ్యాటరీ తీగ ఊడదీసి, జనరేటర్‌ను శుభ్రంగా కడిగి, పసుపు పూసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి కొబ్బరికాయ కొట్టాను. కడిగిన ప్రతిసారీ ఒకసారి నడిపి చూసేవాణ్ణే గానీ, పూజ చేసిన పనిముట్టును ఆ రోజు ముట్టొద్దని మా నాయన నేర్పిన పట్టింపొకటి ఉండేది. నడపకుండానే గదికి తాళం వేశాను. తీగ సంగతే మర్చిపోయాను, అంత తెలివి నాది.

సాయంత్రం జమ్మికి పోదామని దవాఖానలోనే కొత్త అంగీ తొడుక్కుంటుంటే కరెంటు పోయింది. పైన పిల్లల వార్డులో, ములుగు దిక్కునుంచి జీపులో తెచ్చిన ఒక పసిగుడ్డు ఊపిరి మిషను మీద ఉంది. నేను మీట నొక్కితే జనరేటర్ ఉలకదు, పలకదు. డీజిల్ చూశాను, ఫిల్టర్ చూశాను, చివరికి దండ తెంపి పారేశాక గానీ దాని చాటున వేలాడుతున్న తీగ కనబడలేదు. అంతసేపూ పైన, మేమంతా అక్కా అని పిలిచే పెద్ద నర్సమ్మ, రబ్బరు సంచి పిసుకుతూ ఆ బిడ్డకు తన చేతులతోనే ఊపిరి పోసింది. బిడ్డ దక్కింది.

మరునాడు పెద్ద డాక్టరు సారు పిలిస్తే, నౌకరీ పోయిందనే అనుకున్నాను. ఆయన ఛాయ్ తెప్పించి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

“ఎవరు చేసిండ్రో నాకొద్దు. ఏమైందో మొదటి నుంచి చెప్పు.”

చెప్పాను, చెబుతూ ఏడ్చాను. ఆనాటి నుంచి ఏ తీగ ఊడదీసినా తాళంచెవికి ఎర్రగుడ్డ కట్టాలి, నడిపి చూశాకే విప్పాలి. ప్రతి సోమవారం పొద్దున అక్క సంచి పట్టుకుని సిద్ధంగా ఉంటే, కరెంటు కావాలనే తీసి, జనరేటర్ అందుకోవడానికి ఎంతసేపు పడుతుందో సారు గడియారం చూసేవాడు. పూజ మానమని మాత్రం అనలేదు, నడిపి చూసి ఆ తర్వాత చేసుకోమన్నాడు. నా కడుపు నిలబెట్టిన మనిషి, ఎట్లా మరిచేది?

ఇప్పుడు మిషన్లే వాటంతటవి అందుకుంటున్నాయి, ఎవరి చేతులూ నొవ్వడం లేదు, మంచిదే. అయినా ప్రతి దసరాకు జమ్మి ఆకు ముట్టుకోగానే నాకు అక్కే గుర్తొస్తుంది. ఆ సాయంత్రం ఆమె వేళ్లు బిగుసుకుపోయి ఆకు పట్టుకోలేకపోతే, నేనే అరచేతిలో పెట్టి, ఒక్కొక్క వేలూ మెల్లగా ముడిచి, కాళ్లు మొక్కాను.